గర్భిణుల్లో మధుమేహం: తీవ్రమైన సమస్యలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మధుమేహం ఉన్న గర్భిణులూ వారి కుటుంబసభ్యులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఏ మందు ఎంత మోతాదులో వాడాలో మీ డాక్టరుగారే చెప్పాలి. అయితే ఏ లక్షణం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరాలో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలన్నదే ఈ పేజీ ముఖ్య ఉద్దేశం.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ అంటే అందరికీ ఒకే జబ్బేనా?

కాదు. ఈ తేడా తెలియకపోతే తక్కిన సమాధానాలు కొందరిని అనవసరంగా భయపెడతాయి, మరికొందరిని అజాగ్రత్తలో పడేస్తాయి. గర్భం రాకముందు నుంచే టైప్ 1 లేదా టైప్ 2 మధుమేహం ఉన్న స్త్రీలు ఒక వర్గం. అంతకుముందు షుగర్ లేకుండా, గర్భం వచ్చాక, ఎక్కువగా ఆరో నెల ప్రాంతంలో బయటపడే గర్భధారణ మధుమేహం ఉన్నవారు మరొక వర్గం. మాయ నుంచి విడుదలయ్యే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఆ అడ్డంకిని దాటడానికి క్లోమం తగినంత ఇన్సులిన్ అదనంగా తయారు చేయలేకపోయినప్పుడు రెండో వర్గంలోని స్త్రీలకు షుగర్ పెరుగుతుంది. బిడ్డ అవయవ లోపాలు, కంటి రెటీనా దెబ్బతినడం, కీటోయాసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకోవడం) వంటి సమస్యలు ప్రధానంగా మొదటి వర్గంవారికి వస్తాయి. బీపీ పెరగడం, బిడ్డ మరీ పెద్దగా ఎదగడం, పుట్టిన బిడ్డకు షుగర్ పడిపోవడం రెండు వర్గాలవారిలోనూ కనిపిస్తాయి. ఇవి కాక మూడో పరిస్థితి ఒకటి ఉంది. టైప్ 2 మధుమేహం ఎప్పటినుంచో ఉన్నా ఎన్నడూ పరీక్ష చేయించుకోని స్త్రీకి, గర్భం వచ్చాక మొదటి పరీక్షలోనే అది బయటపడుతుంది. ఆమెను మొదటి వర్గంలో చేర్చి చూసుకోవాలి.

పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భిణికీ మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకసారి పరీక్ష చేయాలి. తిన్నారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. ఫలితం 140 మి.గ్రా. లేదా అంతకు మించి ఉంటే గర్భధారణ మధుమేహంగా పరిగణిస్తారు. తాగిన అరగంటలోపు వాంతి అయితే పరీక్ష మర్నాడు మళ్ళీ చేయాలి. మొదటి పరీక్షలో షుగర్ లేదని వచ్చిందన్న ధైర్యంతో చాలామంది రెండోది మానేస్తారు. మాయ హార్మోన్ల ప్రభావం బాగా పెరిగేది ఆ రెండో పరీక్ష సమయానికే కాబట్టి దానిని వదులుకోకూడదు.

నాకు ఏ బాధా లేదు, అంకె కొద్దిగానే ఎక్కువ. బిడ్డకు ప్రమాదం ఎలా వస్తుంది?

తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి నేరుగా బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అదనంగా వచ్చిన గ్లూకోజును సర్దుకోవడానికి బిడ్డ తన క్లోమంలోనే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. ఇన్సులిన్ పెరుగుదలను ప్రేరేపించే హార్మోను కావడం వల్ల బిడ్డ భుజాల మీద, పొట్ట మీద కొవ్వు పేరుకుంటుంది, గుండె గోడలు మందమవుతాయి, శరీరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, ఊపిరితిత్తులు పరిపక్వం కావడం ఆలస్యమవుతుంది. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పీడర్సన్ గత శతాబ్ది మధ్యలో ప్రతిపాదించిన ఈ వివరణ ఇప్పటికీ నిలిచి ఉంది.

కొద్దిగా ఎక్కువైతే ఏమవుతుందన్న ప్రశ్నకు 2008లో ప్రచురితమైన ‘హాపో’ అధ్యయనం సమాధానం ఇచ్చింది. అనేక దేశాల్లో 23 వేలకు పైగా గర్భిణులను పరిశీలించిన ఆ అధ్యయనంలో, తల్లి షుగర్ పెరిగిన కొద్దీ బిడ్డ బరువూ ఇతర సమస్యలూ క్రమంగా పెరుగుతూ వచ్చాయే తప్ప, ఫలానా అంకె దాకా పూర్తిగా క్షేమమని చెప్పగల గీత కనిపించలేదు. అందుకే డాక్టర్లు పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలని పట్టుబడతారు. మామూలుగా షుగర్ ఉన్న పెద్దవారికి ఫరవాలేదనిపించే 160, 170 అంకెలు గర్భిణికి ఫరవాలేదనుకోవడానికి వీల్లేదు.

తల్లి ప్రాణానికే ముప్పు తెచ్చే సమస్యల్లో ఇంట్లోవారు గుర్తించలేకపోయేది ఏది?

డయాబెటిక్ కీటోయాసిడోసిస్. దీని గురించి మన ఇళ్ళలో అవగాహన చాలా తక్కువ కాబట్టి వివరంగా చెప్పాలి. ఇది ఎక్కువగా టైప్ 1 మధుమేహం ఉన్న గర్భిణులకు వస్తుంది. అరుదుగా టైప్ 2 ఉన్నవారిలోనూ, గర్భధారణ మధుమేహంలోనూ వస్తుంది.

శరీరంలో ఇన్సులిన్ చాలనప్పుడు కణాలు గ్లూకోజును వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటాయి. అప్పుడు కీటోన్లనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పేరుకుంటాయి. గర్భిణి శరీరం మామూలుగానే కొన్ని గంటలు ఆహారం లేకపోతే కొవ్వు వైపు త్వరగా మళ్ళుతుంది. పైగా గర్భంలో రక్తానికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి కొంత తక్కువగా ఉంటుంది. కాబట్టి ఇతరులకు రోజులు పట్టే పరిస్థితి గర్భిణికి గంటల్లో వచ్చేస్తుంది. అంతకంటే మోసం చేసే విషయం ఏమిటంటే, షుగర్ 200 దగ్గరే, ఒక్కోసారి అంతకంటే తక్కువే ఉన్నా కీటోయాసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటర్‌లో అంకె మరీ ఎక్కువగా లేదని ఊరుకుంటే నష్టపోతాము.

సాధారణంగా ఇది ఎలా జరుగుతుందో చూడండి. ఏడో నెల గర్భిణికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి వాంతులు మొదలవుతాయి. రెండు రోజులుగా మజ్జిగ తప్ప ఏమీ నిలవడం లేదు. ‘ఏమీ తినడం లేదు కదా, ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుంది’ అని ఇంట్లో పెద్దవారు ప్రేమతోనే ఇంజెక్షన్ మాన్పిస్తారు. నీరసాన్ని వాంతుల వల్లే అనుకుంటారు, కడుపునొప్పిని అరగకపోవడం అనుకుంటారు, గసపెట్టడాన్ని పొట్ట బరువు అనుకుంటారు. ఇన్సులిన్ అవసరం మరింత పెరిగే సమయంలోనే, అంటే ఇన్‌ఫెక్షన్ సమయంలోనే, దాన్ని పూర్తిగా ఆపేసినట్లవుతుంది. తిండి తగ్గినప్పుడు మోతాదు మార్చవలసి రావచ్చు. అది డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి మార్చుకోవాలి. రోజంతా పనిచేసే బేసల్ ఇన్సులిన్‌ను మాత్రం టైప్ 1 ఉన్నవారు సొంత నిర్ణయంతో ఎన్నడూ ఆపకూడదు.

ఆగని వాంతులు, విపరీతమైన దాహం, కడుపునొప్పి, లోతుగా వేగంగా శ్వాస తీసుకోవడం, నోటి నుంచి మాగిన పండు వాసన, మగత వంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి ప్రసూతి వైద్యులూ ఐసీయూ రెండూ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులను టైప్ 1 ఉన్న గర్భిణి ఇంట్లో ముందే ఉంచుకోవాలి. ఒంట్లో బాగా లేని రోజున షుగర్‌తో పాటు కీటోన్లు కూడా చూసుకోవాలి.

ఆసుపత్రిలో సెలైను, రక్తనాళం ద్వారా ఇన్సులిన్, పొటాషియం ఇచ్చి తల్లిని నిలకడకు తెస్తారు. ఆ సమయంలో బిడ్డ గుండె వేగం సరిగా లేదని మానిటర్ చూపించవచ్చు. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయండని కుటుంబసభ్యులు డాక్టర్లపై ఒత్తిడి తెస్తారు. తల్లి రక్తంలో ఆమ్లం తగ్గితే చాలాసార్లు బిడ్డ గుండె వేగం కూడా కుదుటపడుతుంది. అలాంటి స్థితిలో తల్లికి ఆపరేషన్ చేయడం ఆమెకు పెద్ద ప్రమాదం. ముందుగా తల్లిని నిలబెట్టాలన్న డాక్టర్ల మాటను అప్పుడు కుటుంబం గౌరవించాలి.

షుగర్ ఉంటే బీపీ కూడా ఎందుకు వస్తుంది? గుర్రపువాతం అంటే ఇదేనా?

మధుమేహం ఉన్నవారిలో, ముఖ్యంగా ముందునుంచే రక్తనాళాలు లేదా మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, మాయకు వెళ్ళే రక్తనాళాలు సరిగా ఏర్పడకపోవడం వల్ల ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా వస్తుంది. 20 వారాల తర్వాత బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు, ప్లేట్‌లెట్లు దెబ్బతినడమో జరిగితే ఆ పేరు పెడతారు. దానివల్ల మూర్ఛ వచ్చినప్పుడు దానిని గుర్రపువాతం అంటారు.

కాళ్ళవాపు చాలామంది గర్భిణులకు మామూలే. అయితే ముఖమూ చేతులూ హఠాత్తుగా ఉబ్బడం, మాత్ర వేసుకున్నా తగ్గని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే అదే రోజు బీపీ చూపించుకోవాలి. బీపీ 160/110కి చేరితే గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు, అది అత్యవసర పరిస్థితి. ముందునుంచే మధుమేహం ఉన్నవారికి 12 వారాలు నిండిన తర్వాత, 16 వారాలలోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ఈ ముప్పు తగ్గుతుంది. మూడో నెల చెకప్‌లో ‘నాకు ఆస్పిరిన్ అవసరమా?’ అని మీరే అడగండి.

ఇన్సులిన్ వాడుతుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఎంత?

టైప్ 1 ఉన్నవారిలో మొదటి మూడు నెలల్లో ఇది ఎక్కువ. వేవిళ్ళ వల్ల తిండి నిలవదు, అదే సమయంలో ఇన్సులిన్ అవసరం కూడా కొంత తగ్గుతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తడబాటు కనిపించి షుగర్ 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. ఎనిమిది, తొమ్మిది నెలల్లో కారణం లేకుండా ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతే షుగర్ నయమైందని సంతోషించవద్దు. మాయ సరిగా పనిచేయడం లేదనడానికి అది ఒక సూచన కావచ్చు కాబట్టి వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

కళ్ళు, మూత్రపిండాలు పాడవుతాయా?

గర్భధారణ మధుమేహం మాత్రమే ఉన్నవారికి ఈ భయం అక్కర్లేదు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవారికి మాత్రం గర్భంలో రెటీనా జబ్బు వేగంగా ముదరవచ్చు. ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా కిందికి దించినప్పుడు కూడా అది కొంతకాలం పెరుగుతుంది. గర్భానికి ముందు లేదా మొదటి మూడు నెలల్లో ఒకసారి, తర్వాత డాక్టరుగారు చెప్పిన వ్యవధిలో రెటీనా పరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే గర్భంలో లేజర్ చికిత్స చేయించుకోవచ్చు.

మూత్రపిండాల విషయంలో ఒక హెచ్చరిక చాలా ముఖ్యం. షుగర్ ఉన్నవారు బీపీకీ మూత్రపిండాల రక్షణకూ తరచుగా వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులు గర్భంలోని బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్లను కూడా సాధారణంగా ఆపుతారు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే వీటి గురించి మాట్లాడి, బదులు మందులు రాయించుకోవాలి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే మాత్రలు కొనుక్కుంటూ పోవడం అన్నిటికంటే ప్రమాదకరం.

బిడ్డకు అవయవ లోపాలు వస్తాయా?

ఆరో నెలలో బయటపడిన గర్భధారణ మధుమేహం వల్ల రావు, ఎందుకంటే అప్పటికే అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి. ముందునుంచే షుగర్ ఉండి, గర్భం నిలిచే నాటికి అదుపులో లేకపోతే గుండె, వెన్నుపాము, మెదడు, మూత్రపిండాల లోపాలు రావచ్చు. నెల తప్పిందని గుర్తించి మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే బిడ్డ గుండె, వెన్నుపాము చాలావరకు రూపుదిద్దుకుంటాయి. కాబట్టి జాగ్రత్త అంతకుముందే మొదలు కావాలి. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు వచ్చాక గర్భం కోసం ప్రయత్నించడం మంచిది. 10 శాతం దాటి ఉంటే అది తగ్గే దాకా వాయిదా వేసుకోమంటారు. డాక్టరు సలహాతో ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందునుంచే వేసుకోవాలి. ఐదో నెలలో, బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌తో పాటు బిడ్డ గుండెకు ప్రత్యేకంగా ఎకో పరీక్ష చేయించాలి.

పెళ్ళయిన ఏడాదికే ‘విశేషం ఏమైనా ఉందా’ అని అడిగే బంధువుల ఒత్తిడికి లొంగి, షుగర్ అదుపులోకి రాకముందే గర్భం తెచ్చుకున్న స్త్రీల కష్టం మాటల్లో చెప్పలేనిది. ఆరు నెలలు ఆగడంలో తప్పేమీ లేదు.

బిడ్డ నాలుగు కిలోలుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే కదా?

షుగర్ వల్ల పెరిగిన బరువు ఆరోగ్యానికి గుర్తు కాదు. ఇలాంటి బిడ్డకు తల మామూలు పరిమాణంలోనే ఉంటుంది, కొవ్వు భుజాల చుట్టూ చేరుతుంది. అందువల్ల కాన్పులో తల సులభంగా బయటికి వచ్చి, ఆ తర్వాత భుజం తల్లి కటి ఎముక వెనుక ఇరుక్కుపోవచ్చు. దీన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. బయటికి వచ్చిన తల తిరిగి లోపలికి లాక్కున్నట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి బిడ్డను కాపాడడానికి కొద్ది నిమిషాలే ఉంటాయి. అనుభవమున్న బృందం తల్లి తొడలను పొట్టవైపు గట్టిగా మడిచి, పొత్తికడుపు కింద ఎముకకు పైన ఒత్తిడి ఇచ్చి భుజాన్ని తప్పిస్తుంది. ఆ సమయంలో పొట్ట పైభాగాన్ని నొక్కితే భుజం ఇంకా బిగుసుకుంటుంది, కాబట్టి అలా చేయకూడదు. ఈ పెనుగులాటలో బిడ్డ మెడ దగ్గరి నరాలు సాగి చేయి వాలిపోవచ్చు. చాలామంది పిల్లల్లో అది నెలల్లో నయమవుతుంది, కొందరిలో మిగిలిపోతుంది.

స్కానింగ్‌లో బిడ్డ బరువు నాలుగు కిలోలకు చేరిందనిపిస్తే సిజేరియన్ గురించి డాక్టర్లు చర్చిస్తారు. స్కానింగ్ చెప్పే బరువు అంచనా మాత్రమేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. షుగర్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పనిసరి కాదు. షుగర్ అదుపులో ఉండి బిడ్డ బరువు సరిగా ఉంటే మామూలు కాన్పు అవుతుంది. అదుపులో లేనివారిలో ఉమ్మనీరు కూడా పెరుగుతుంది. దానివల్ల నెలలు నిండకముందే నొప్పులు రావడం, ఉమ్మనీరు పోయినప్పుడు బొడ్డుతాడు జారడం, కాన్పు తర్వాత రక్తస్రావం వంటి ఇబ్బందులు ఉంటాయి.

కడుపులోనే బిడ్డ చనిపోతుందన్న భయం నిజమేనా?

ముందునుంచే మధుమేహం ఉన్నవారిలో ఆ ముప్పు నిజంగానే ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 2002-03లో జరిపిన పెద్ద పరిశీలనలో, టైప్ 1, టైప్ 2 ఉన్న తల్లుల్లో మృతశిశు జననాలు మిగతావారికంటే దాదాపు ఐదు రెట్లు ఉన్నాయి. షుగర్ అదుపు, చివరి నెలల్లో తరచు స్కానింగ్‌లు, సరైన సమయంలో కాన్పు అనే మూడూ కలిసి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. అందుకే సమస్యలు లేకపోయినా, ముందునుంచే షుగర్ ఉన్నవారికి 37, 38 వారాల మధ్య కాన్పుకు ఏర్పాటు చేస్తారు. అదుపులో ఉన్న గర్భధారణ మధుమేహంలో 39 వారాలు దాటే దాకా ఆగవచ్చు.

ఏడో నెల నుంచి బిడ్డ కదలికలను గమనించడం మీ చేతిలో ఉన్న పని. తగ్గినట్టు అనిపిస్తే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. ‘తీపి తిను, కదులుతుంది’ అని ఎవరైనా అంటే వినవద్దు. షుగర్ పెరగడం ఒక నష్టమైతే, ఎదురుచూపులో పోయే సమయం అంతకంటే పెద్ద నష్టం.

నెలలు నిండకముందే నొప్పులు వస్తే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు షుగర్ పెంచుతాయంటారు. తీసుకోవచ్చా?

అవసరమని డాక్టర్లు నిర్ణయిస్తే తీసుకోవాలి, అవి బిడ్డ ఊపిరితిత్తులను కాపాడతాయి. ఆ తర్వాత కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది కాబట్టి ఆసుపత్రిలో ఉండి తరచుగా పరీక్షించుకుంటూ ఇన్సులిన్ పెంచుకోవలసి ఉంటుంది. ఇంజెక్షన్ తీసుకుని ఇంటికి వెళ్ళిపోవడం, ముఖ్యంగా టైప్ 1 ఉన్నవారికి, మంచిది కాదు.

ఇన్సులిన్ బిడ్డకు హాని చేస్తుందా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలా?

హాని చేయదు, ఇన్సులిన్ మాయను దాటదు. గర్భధారణ మధుమేహంలో రెండు వారాల ఆహార నియమం తర్వాత కూడా తిన్న రెండు గంటలకు షుగర్ 120 దాటుతుంటే మందు మొదలుపెడతారు. కాన్పు కాగానే చాలామందికి ఆపేస్తారు. ఇంజెక్షన్ తప్పించుకోవాలని అన్నం పూర్తిగా మానేసి పస్తులుండేవారూ ఉన్నారు. దానివల్ల కీటోన్లు పెరుగుతాయి, బిడ్డ ఎదుగుదలా కుంటుపడుతుంది.

కాన్పుకు పుట్టింటికి వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, కానీ ఈ ప్రయాణంలోనే వైద్యం తెగిపోతుంటుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసుకుని ఊరు మారేసరికి ఇన్సులిన్ అవసరం పెరుగుతున్న దశ ఉంటుంది. కొత్త ఆసుపత్రికి పాత వివరాలు తెలియవు. కాబట్టి షుగర్ రాసుకున్న పుస్తకం, స్కానింగ్ రిపోర్టులు, తల్లీబిడ్డల కార్డు, ఇన్సులిన్ పేరూ మోతాదూ రాసిన చీటీ వెంట తీసుకెళ్ళాలి. పుట్టింటి ఊళ్ళో ఏ ఆసుపత్రిలో రాత్రివేళ కూడా ప్రసూతి వైద్యులు, పిల్లల వైద్యులు, నవజాత శిశువుల యూనిట్ ఉంటాయో ముందే కనుక్కోవాలి. అలాంటిది రెండు గంటల దూరంలో ఉంటే కాన్పు తర్వాత వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు గర్భిణులను ఉచితంగా పరీక్షించే కార్యక్రమం ఉంటుంది. ఊరు మారినవారు ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్త ద్వారా అక్కడికి వెళ్ళవచ్చు.

పుట్టిన బిడ్డను ఎందుకు మాటిమాటికీ సూదితో గుచ్చి పరీక్షిస్తారు?

బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి గ్లూకోజు ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. దాంతో మొదటి గంటల్లోనే షుగర్ పడిపోవచ్చు. అది సాధారణంగా 45 కంటే తగ్గితే వెంటనే చూసుకోవాలి, అలాగే వదిలేస్తే మూర్ఛలు వచ్చి మెదడు దెబ్బతింటుంది. పైకి ఏ లక్షణమూ లేకుండానే తగ్గవచ్చు కాబట్టి మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తారు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టడం, తర్వాత రెండు మూడు గంటలకొకసారి పాలివ్వడం మొదటి రక్షణ. తేనె, పంచదార నీళ్ళు నాకించవద్దు. బిడ్డ వణుకుతున్నా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఎగశ్వాస తీసుకుంటున్నా, నీలంగా మారినా నర్సును పిలవండి. కామెర్లు, క్యాల్షియం తగ్గడం కూడా ఈ బిడ్డల్లో ఎక్కువే. మందమైన గుండె గోడలు చాలామందిలో కొన్ని నెలల్లో మామూలు స్థితికి వస్తాయి.

కాన్పయ్యాక షుగర్ పోయింది. ఇంకా పరీక్షలెందుకు?

మాయ బయటికి రాగానే ఇన్సులిన్ అవసరం హఠాత్తుగా తగ్గుతుంది. టైప్ 1 ఉన్నవారు పాత మోతాదే కొనసాగిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. పాలిచ్చేటప్పుడు కూడా తగ్గవచ్చు కాబట్టి పక్కన తినడానికి ఏదైనా ఉంచుకోవాలి. కాన్పు తర్వాత పథ్యం పేరిట తిండి తగ్గించే ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

గర్భధారణ మధుమేహం వచ్చినవారు ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించడానికి వెళ్ళే రోజునే ఇది కూడా చేయించుకుంటే మరిచిపోరు. తర్వాతి జీవితంలో వీరికి టైప్ 2 వచ్చే అవకాశం ఇతరులకంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. కాబట్టి ఏడాదికో, మూడేళ్ళలోపో ఒకసారి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మళ్ళీ గర్భం కోసం అనుకున్నప్పుడు ముందుగా షుగర్ చూపించుకుని, అది సరిగా ఉందని తేలే వరకు గర్భనిరోధక పద్ధతి వాడుకోవాలి. గర్భం నిలిచాక వెళ్ళే మొదటి చెకప్‌లోనే పోయినసారి షుగర్ వచ్చిన సంగతి డాక్టరుగారికి చెప్పాలి.